వంటింట్లో నీలం వెలుగు

పోయిన ఆదివారం సాయంత్రం కురుగోడు నుంచి మా బావమరిది వచ్చాడు. వరండాలో కూర్చుని మజ్జిగ తాగుతూ, మా వంటింట్లో పెట్టించిన రంగులు మారే బల్బు ఖరీదెంతని అడిగాడు. చెప్పగానే గ్లాసు కింద పెట్టేశాడు.

"ఏంది బావా, ఆ దుడ్డుకి మామూలు బల్బులు డజను వస్తాయి కదా. ఈ వయసులో ఇంట్లో నాటకాల సెట్టింగు ఏసుకుంటే ఊరోళ్ళు నవ్వరా?"

ఎదురింటి పెద్దాయన కూడా అక్కడే ఉన్నాడు. "సుమ్నె, ఉత్త దండగప్పా. వెలుగుకు రంగేంది?" అని ఆయన తీర్పు చెప్పేశాడు.

అది దండగ కాదు. ఎవరు నవ్వినా ఈ మాట మార్చుకోను. ఎందుకో చెప్పాలంటే మాత్రం నేను గొప్పగా చెప్పుకోలేని కాలంలోకి వెనక్కి వెళ్ళాలి.

దోణిమలై కొండ కింద, ఖనిజం లారీలు తూచే కాటా దగ్గర నేను గుమాస్తాగా చేరిన కొత్తలో మేము రెండు గదుల బాడుగ ఇంట్లో ఉండేవాళ్ళం. ఇంటి యజమాని బాడుగతో పాటు బల్బుకింత అని విడిగా వసూలు చేసేవాడు కాబట్టి, ముందుగదికీ వంటగదికీ నడుమ గోడలో చదరంగా ఒక కంత కొట్టి, అందులో ఒకే బల్బు వేలాడదీసుకుని రెండు గదులకూ ఆ వెలుగే పంచుకునేవాళ్ళం. మన వయసువాళ్ళలో చాలామంది అలాంటి ఇళ్ళలోనే కాపురాలు మొదలుపెట్టి ఉంటారు. అందరూ సమంగా పంచుకున్నారో లేదో నాకు తెలియదు, నేను మాత్రం పంచలేదు. పేపరు చదువుకోవడానికి చాలడం లేదని వంటగది వైపు ఒక అట్టముక్క అడ్డం కట్టి, వెలుగంతా నా వైపు తిప్పుకున్నాను. కొండ మీది ఎర్రదుమ్ము బియ్యం మీదా పక్కబట్టల మీదా పేరుకున్నట్టే బల్బు మీదా పేరుకునేది. ముక్కాలిపీట ఎక్కి దాన్ని తుడిచేది నా భార్య, ఆ తుడిచిన వెలుగులో పేపరు చదివేది నేను. ఆమె మసకలో కూర్చుని బియ్యంలో రాళ్ళు వేళ్ళతో తడిమి ఏరేది. అట్ట తీయకూడదా అని ఒకసారి అడిగితే, వండడానికి వెలుగెందుకు, చేతికి అలవాటేగా అన్నాను. ఆమె మళ్ళీ అడగలేదు.

తరువాత బళ్ళారిలో సొంత ఇల్లు కట్టుకున్నాం, గదికో బల్బు వచ్చింది, కానీ నా పిసినారితనం పాత ఇంట్లో ఆగిపోలేదు. గది దాటితే స్విచ్చి ఆర్పాలన్నది మా ఇంటి శాసనం. ఎవరైనా మరిచిపోతే నా గొంతు వాళ్ళ వెంట వీధి దాకా వెళ్ళేది.

ఇప్పుడు నా భార్యకు వినికిడి బాగా తగ్గిపోయింది. డాక్టరు ఇచ్చిన మిషను పెట్టుకుంటే, కుక్కరు కూసినా లారీ హారను కొట్టినా "చెవిలో జాతర జరిగినట్టుండాది" అని తీసి డబ్బాలో పెట్టేస్తుంది. ఒకప్పుడు మా వీధి ఆడవాళ్ళు సాయంత్రాలు మా వరండాకు వచ్చేదే ఆమె మాటల కోసం. వాళ్ళు రెండుసార్లు, మూడుసార్లు పిలిచి విసిగిపోవడం చూసి, మాటిమాటికీ ఏమిటని అడగడానికి సిగ్గుపడి, ఆమె మెల్లగా వంటింట్లోనే ఉండిపోవడం మొదలుపెట్టింది. చెవులు పోయినందుకు కాదు నా భయం. ఈ ఇంట్లో ఆమె నోరు కూడా మూతపడిపోతుందని. నేను వెళ్ళి వెనకనుంచి భుజం తడితే ఉలిక్కిపడేది, ఒకసారి కాగుతున్న పాలగిన్నె చేతిలోంచి జారింది కూడా.

ఈ బల్బు సంగతి మా అమ్మాయి చెప్పింది. వరండాలో కూర్చుని ఫోనులో నొక్కితే వంటింట్లో వెలుగు రంగు మారుతుందట. మామూలుగా తెలుపు, ఎవరైనా వస్తే నీలం అని ఇద్దరం ఒప్పందం చేసుకున్నాం. మొదటిసారి నీలం వెలిగినప్పుడు ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ నవ్వుకుంటూ బయటికి వచ్చింది.

ఆదివారం వాళ్ళిద్దరి ముందూ అదే చూపించబోయాను. నొక్కాను, ఆమె రాలేదు. మళ్ళీ నొక్కాను.

"మీ నీలం ఇంకా బస్టాండులోనే ఉండాదేమో బావా" అన్నాడు బావమరిది. పెద్దాయన మజ్జిగ పొలమారేలా నవ్వాడు.

నాకు కోపం వచ్చింది, అదీ ఆమె మీదే. చూసి కూడా రాలేదనుకుంటూ లోపలికి వెళ్ళాను. వంటింటి స్విచ్చి ఆర్పేసి ఉంది. గోడ దగ్గర ఆర్పేస్తే ఈ బల్బుకు ఫోను మాట అందదు. ఆమె కిటికీ దగ్గర, మిగిలిన పగటి వెలుతురులో చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. నా ముఖం చూసి, తనే తప్పు చేసినట్టు చెప్పింది.

"ఇంకా ఎలుతురుండాది కదా. ఉత్తగా కాలుతాంటే మీకు సరిపోదని ఆర్పేసినా."

బల్బు పెట్టె అట్టలో ఒక ముక్క చించి, స్విచ్చి వేసి, మళ్ళీ ఎవరూ ముట్టుకోకుండా దాని మీద టేపుతో అంటించాను. వెనకే వచ్చి చూస్తున్న బావమరిది, పగలూ రేయీ కరెంటు కాలదా బావా అన్నాడు. కాలితే కాలనీ అన్నాను. ఆ మాట నా నోట రావడం మా ఇంట్లో ఎవరూ విని ఉండరు.

ఆమె చిక్కుడుకాయల పళ్ళెంతో వరండాలోకి వచ్చి కూర్చుంది. తమ్ముడు ఆమెకు వినపడేలా గట్టిగా, ఇదంతా దండగ కాదా అక్కా అని అరిచాడు.

"నా బల్బుకి నువ్వు యాల ఏడుస్తావురా? నీ ట్రాక్టరుకి ముందరా ఎనకా రంగురంగుల లైట్లు కట్టుకోల్యా? ఎద్దులు చూసి మురిసేదానికా అవి?"

ఈసారి పెద్దాయన బావమరిదిని చూసి నవ్వాడు. ఆ సాయంత్రం చీకటి పడేదాకా ఆమె మాట్లాడుతూనే ఉంది.

ఈ బల్బుకు లోపాలు లేవని నేను అనను. కరెంటు పోయి వస్తే తనంతట తాను తెల్లగా వెలుగుతుంది, నెట్టు లేకపోతే అలుగుతుంది. ముచ్చట కోసం హాల్లో పెట్టుకునేవాళ్ళకు అంత ఖర్చు తగునో తగదో నేను చెప్పలేను. మా వంటింటికి మాత్రం తగును. పాడైతే మళ్ళీ అదే కొంటాను, ఎవరి సలహా అడగను.

ఒక్కటే వెలితి. ఆ రోజుల్లో నేను పేపరులోంచి తల ఎత్తకుండానే పిలిస్తే, లోపలి నుంచి "ఆఁ, వస్తాండా" అని జవాబు వచ్చేది. లెక్కలేనన్నిసార్లు వచ్చింది, ఒక్కసారీ చెవిపెట్టి వినలేదు. ఇప్పుడు నీలం వెలగగానే ఆమె వస్తుంది, కానీ చప్పుడు లేకుండా వస్తుంది. ఫోను నొక్కిన తరువాత కూడా నేను అలవాటుగా ఒకసారి నోటితో పిలిచి, కాసేపు వంటింటి వైపు చెవి ఒగ్గి కూర్చుంటాను.