బావిలో కొలిచిన భూమి

మా సార్ పోయారన్న కబురు నాకు కదిరి బస్టాండులో తెలిసింది. మా ఊరి నుంచి చెనిక్కాయలు తెచ్చి అమ్మే అక్క నన్ను చూసి, "మీ నీడల సారు పోయినాడు, తెల్సునా?" అంది. సోమవారం పోయారట. నా బస్సు వచ్చి వెళ్ళిపోయింది. నేను అక్కడే కూర్చుండిపోయాను.

ఆయన మాకు ఆరో తరగతి నుంచి భూగోళం చెప్పారు. డెబ్బైల చివరి మాట ఇది. చేతిలో ఎప్పుడూ మూరెడు కర్ర ఉండేది. దారిలో ఎక్కడబడితే అక్కడ నాటి నీడ కొలిచేవారు, అందుకే ఊరు ఆ పేరు పెట్టింది. భూమి బంతిలా ఉంటుందంటే ఒప్పుకునేవారు కాదు. తట్టలో వేసిన సంగటి ముద్దలా పైనా కిందా కాస్త అణిగి, నడుమ ఉబ్బి ఉంటుందనేవారు. అది విన్న రోజు మేమెవరమూ ముద్దను తిన్నగా తినలేదు, తిప్పి తిప్పి చూసుకున్నాం.

ఆగస్టు రెండో వారంలో ఒక రోజు, పన్నెండున్నరకు కాస్త అటూ ఇటూగా, మా ఊళ్ళో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ రోజు మమ్మల్ని ఊరి దిగుడుబావి దగ్గరికి తీసుకుపోయేవారు. నాలుగు గోడల్లో ఏ గోడకూ నీడ ఉండదు. అదే మధ్యాహ్నం ఆదిలాబాదులో ఆయన స్నేహితుడు మూరెడు కర్ర నాటి, నీడ రెండు వేళ్ళుందని కార్డు రాసేవాడు. నేల చదునైతే అక్కడా నీడ ఉండకూడదు కదా అని సార్ ఆ కార్డును తరగతంతా తిప్పేవారు. "కంటికి చదునుగా కనపడేదంతా చదును కాదప్పా" అనేవారు.

ఇందులో ఒక చిక్కుంది. మబ్బు పడితే సార్ పాఠం పోతుంది. పడకపోతే ఊరి పంట పోతుంది. మూడేళ్ళు వరసగా సార్ పాఠం ఒక్కసారీ తప్పలేదు.

బావిలోకి వంగినప్పుడు ఆయన నీళ్ళపైకి తేలిన మెట్లు కూడా లెక్కపెట్టేవారు. మొదటి ఏడు తొమ్మిది. మరుసటేడు పదహారు. మూడో ఏడు ఇరవై ఏడు. ఊరంతా తాగేది ఆ నీళ్ళే. ఆ బావి మీద ఆయిలింజను పెట్టి చేనుకు తోడుతున్నది మా నాయన. సార్ మా ఇంటికి వచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా, ఇంజను ఆపమని అడిగారు. ఆపకపోతే వచ్చే ఏటికి గొంతు తడుపుకోవడానికి కూడా ఉండవన్నారు.

నాయన నేల చూస్తూ అన్నాడు. "ఏమి సార్, మబ్బు రాకూడదని మొక్కుకునేది మీరు. నీళ్ళు పోతాండాయని చెప్పేదీ మీరేనా?"

సార్ కర్ర చంకన పెట్టుకుని వెళ్ళిపోయారు. ఆ మాట ఊరంతా పట్టుకుంది. బావికి ఎండ చూపించి చూపించి ఆయనే నీళ్ళు ఇంకిపోయేటట్టు చేశాడన్నారు. పిల్లల్ని ఆయన వెంట బావికి పంపడం మానేశారు. నేను నోరు విప్పలేదు. ఇంజను నీళ్ళు పారే కాలువలో కాళ్ళు పెట్టుకుని ఆడినదాన్ని, ఏ ముఖం పెట్టుకుని విప్పేది? ఆ సిగ్గు నన్నింకా వదల్లేదు.

మరుసటేడు ఆగస్టులోనూ ఆకాశంలో మబ్బు తునక లేదు. బావి అడుగు తేలింది. ఊట కోసం చెలమ తవ్వడానికి నాయన గడ్డపారతో దిగాడు. ఎవరూ పిలవకపోయినా సార్ పంచె ఎగగట్టి వెనకే దిగారు. మేమంతా పైన బిందెలతో నిలబడ్డాం.

కింద నుంచి నాయన గొంతు వినిపించింది. "ఇప్పుడెన్ని మెట్లుండాయి సార్?"

"ఇంగ లెక్కబెట్టేకి మెట్లు లేవప్పా. గడ్డపార ఇట్లియ్యి" అన్నారు సార్.

ముందే చెప్పలేదా అని ఆయన ఆ రోజు అనలేదు, ఆ తర్వాత ఎన్నడూ అనలేదు. అంత మంచితనాన్ని నేను మళ్ళీ చూడలేదు.

తడి మన్నులో గడ్డపార దిగితే చప్పుడుండదు. ఆ మధ్యాహ్నం వాళ్ళిద్దరూ మార్చి మార్చి పొడుస్తుంటే, పైనున్న మాకు ప్రతి పోటూ ఖంగుమని వినిపించింది.