రేడియోలో తెలివితక్కువ రైతు

నేను సినిమా హాస్యనటుణ్ణని చెప్పుకుంటే పూర్తిగా అబద్ధమేమీ కాదు. మద్రాసులో మూడు సినిమాల్లో నటించాను. ఒకదాంట్లో నా వీపు కనబడుతుంది. ఇంకోదాంట్లో ఎనుము మీద నుంచి కిందపడతాను. మూడోదాంట్లో చాలాసేపు ఉన్నాను గానీ అది విడుదలయ్యేలోగా నన్ను కత్తిరించేశారు. సినిమావాళ్లు నన్ను పిలిచిందైనా అరవైల్లో రేడియోలో నా గొంతు విని. మొహం చూపించే పని లేకపోవడం వల్లే అక్కడ కొన్నేళ్లు వెలిగాను.

సాయంత్రం పూట వచ్చే రైతుల కార్యక్రమంలో నాది తెలివితక్కువ రైతు వేషం. వ్యవహారం ఎప్పుడూ ఒకటే. ముందు నేనేదో ఘనకార్యం చేసినట్టు గొప్పలు పోవాలి. తరువాత వ్యవసాయాధికారి వేషం వేసే ఆయన నవ్వి, అదెందుకు తప్పో ఓపికగా చెప్పాలి. పాపం, ఆయన మాట్లాడుతుంటే నోటీసు చదువుతున్నట్టుండేది. నేను మాత్రం దగ్గి, మూలిగి, మా కళ్యాణదుర్గం వైపు యాసంతా గుమ్మరించి అదరగొట్టేవాణ్ణి. శ్రోతల జాబులన్నీ నాకే వచ్చేవి. ఆయనకు ఒక్కటీ రాకపోవడం నాకు లోలోపల మహా సంతోషంగా ఉండేది.

మా ఊళ్లో కరెంటు లేదు. పంచాయతీ ఆఫీసులో బ్యాటరీ రేడియో ఒకటుండేది. బ్యాటరీ అయిపోతే కొత్తది ఎప్పుడొస్తుందో తెలియదు. అందుకని అక్కడి గుమాస్తా నా మాటలు అవగానే, ఇంక వినడానికేముందని, సెట్టు ఆపేసేవాడు. ఈ సంగతి నాకు అప్పట్లో తెలియదు.

ఒక ఎండాకాలం నేను కొట్టాల్సిన గొప్ప ఏమిటంటే, వానలకు రెండు నెలల ముందే విత్తనపు వేరుశనగ కాయలన్నీ ఒలిపించి గింజలు సంచులకెత్తాననీ, నా అంత ముందుచూపు ఎవరికీ లేదనీ. ముందే ఒలిచిన గింజ చెడిపోతుందనీ, విత్తబోయేటప్పుడే ఒలుచుకోవాలనీ అధికారి చెబుతాడు. నేనా రోజు ‘ముందుచూపు’ అన్న మాటను నాలుగు రకాలుగా సాగదీశాను. స్టూడియోలో వాళ్లు నోటికి చేతులడ్డం పెట్టుకుని నవ్వారు.

విత్తనాలు వేయడం అయ్యాక, ఊరు నన్నెలా పొగుడుతుందో చూద్దామని ఇస్త్రీ చొక్కా తొడుక్కుని బస్సు దిగాను. గుమాస్తా ఎదురొచ్చి, ఆ ‘ముందుచూపు’ రోజు నా యాసకు ఊరంతా పడిపడి నవ్విందని చెప్పాడు. నేను ఉబ్బిపోయాను. నా తరువాత ఆ అధికారి ఎవరో మాట్లాడబోతే ఎప్పటిలాగే ఆపేశానని కూడా చెప్పాడు. మర్నాడే మా నాయన కూలోళ్లను పిలిచి కాయలన్నీ ఒలిపించాడట. మిగతావాళ్లెవరూ ఒలిపించలేదట.

చేనికి పరుగెత్తాను. పక్క చేన్లన్నీ పచ్చగా ఉన్నాయి. మా చేన్లో అక్కడో మొక్క, ఇక్కడో మొక్క. విత్తనానికని ఏడాదంతా దాచిన కాయలవి. మళ్లీ విత్తడానికి ఇంట్లో గింజ లేదు. ఇంక ఆ ఏడు మాకు పంట లేనట్టే. నాయన గట్టు మీద కూర్చుని ఉన్నాడు. తప్పు నాదైనందుకేమో, నాకు ఆయన మీద కోపమొచ్చింది.

“ముందే ఒలిస్తే మొలవదని నీకు తెల్దా నాయనా?” అన్నాను.

“తెలుసు,” అన్నాడు. “రేడియోలో చెప్పేది నా కొడుకని ఊరందరికీ చెప్పుకున్నా. ఇంట్లోవాణ్ణి నేనే చేయకపోతే నీ మాట ఎవురు ఇంటారు?”

తన కొడుకు రైతులకు సలహాలు చెప్పే ఉద్యోగంలో ఉన్నాడని ఆయన నమ్మకం. నన్ను చూసి జనం నవ్వడమే నా ఉద్యోగమని ఏ రోజూ నేను చెప్పలేదు. చెప్పడానికి సిగ్గేసింది. అప్పుడు ఆ సిగ్గు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేసింది. వచ్చే ఏడు విత్తబోయేటప్పుడే ఒలుద్దాం నాయనా అని మాత్రం అన్నాను.

ఆయన ముఖం తేటపడింది.

“ఆ మాటే రేడియోలో చెప్పు,” అన్నాడు. “ఊరోళ్లు గూడ ఇనాల గదా.”

సరేనన్నాను. రేడియోలో ఆ మాట చెప్పేది నేను కాదు, గుమాస్తా ఎప్పుడూ వినకుండా ఆపేసే ఆ అధికారి.