తునికి మొక్క

నిజామాబాద్ శివారులోని అర్బన్ పార్కుకు మేం మొదటిసారి వెళ్లింది డాక్టరు చెప్పినందుకే. నా భార్య చిన్నప్పటి నుంచీ బీడీలు చుట్టింది. పొగాకు దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుందని, పొద్దున పూట చెట్ల కింద నడిపించమని ఆయన అన్నాడు. పేరుకు పార్కే గాని అది పాత అడవి ముక్క. చుట్టూ కంచె వేసి, లోపల మట్టిబాట తీశారు.

బాట పక్కన మోకాలెత్తు మొక్క దగ్గర ఆమె ఆగిపోయింది. లేత ఆకులు ఎర్రగా, నూగుతో ఉన్నాయి. ఒకదాన్ని వేళ్ల మధ్య పట్టుకుని చూసింది.

"గిది తునికాకు గదా?"

"చెట్టుకున్నది ఎన్నడు సూడలేదా?" అన్నాను.

"ఏడ సూస్త? మాకు ఎండినయే కట్టలు కట్టలు అస్తయి. పచ్చిగున్నప్పుడు గింత మెత్తగుంటదని నాకేం ఎర్క?"

ఆ రోజు నుంచి ఆమె నడక అక్కడిదాకానే. ఆకులు ముదిరి పచ్చబడ్డాయి. వానలకు పక్క నుంచి మరో కొమ్మ వచ్చింది. ఆకుల మీద పురుగు బొబ్బలు లేచాయి. "గిసొంటి ఆకైతే ఇంట్ల పక్కకు పడేస్తుంటి" అంది గాని, ఒక్కటీ తెంపలేదు.

చలికాలంలో ఒక పొద్దున జేసీబీ కనిపించింది. బాటకు రెండు వైపులా ఎర్రమట్టి తేలి ఉంది. మొక్క లేదు.

"పిచ్చి చెట్లన్ని తీసెయ్యమన్నరు అవ్వా. గీడ లైనుగా షో మొక్కలు పెడ్తరట" అన్నాడు డ్రైవరు.

"గది పిచ్చి చెట్టు గాదు కొడుకా."

"నాకేం తెల్సు? చెప్పిన పని చేస్తున్న."

ఆమె తిరిగి వస్తూ మూడుచోట్ల కూర్చుంది. ఆ తర్వాతి రోజుల్లో గేటు దాకా కూడా నడవలేకపోయింది.

తునికి వేరు నుంచి మళ్లీ లేస్తుందని ఎవరో చెబితే, నేనొక్కడినే వెళ్లి చూసేవాణ్ని. ఎండలు ముదిరాక అక్కడ కొత్తగా పెట్టిన కోనోకార్పస్ షో మొక్కల వరుస మధ్యలో ఎర్రటి మొలక కనిపించింది. ఇంటికి వచ్చి చెప్పాను. ఆమె మంచం మీద లేచి కూర్చుంది.

"ఎన్ని ఆకులున్నయి?"

"రెండు."

మరుసటి వారం కలుపు మిషన్ తిప్పారు. అదీ పోయింది. కొన్నాళ్లు "మల్ల లేసిందా?" అని అడిగింది. లేదన్నాను. తర్వాత అడగడం మానేసింది. నేనూ వెళ్లడం మానేశాను.

ఇప్పుడు పొద్దున్నే ఆమెను గోడకు ఆనించి కూర్చోబెట్టి, వీపు రాస్తుంటాను. ఊపిరి అందేదాకా ఇద్దరం మాట్లాడుకోం. ఈ మధ్య అందడానికి చాలాసేపు పడుతోంది.