కారు మోత తగ్గించిన రోజు

మా ఆయనకి తన పాత ఫియట్ కారంటే ప్రాణం. కోకాపేట నుంచి మాదాపూర్ ఆఫీసుకి రోజూ దాంట్లోనే వెళ్తాం. సైలెన్సర్ మోతకి, ముందు సీట్లో మేం ఏం మాట్లాడుకున్నా వెనక కూర్చున్నవాళ్ళకి వినపడేది కాదు.

నంద్యాల నుంచి వచ్చిన మా అత్తయ్య ఆ మోతకి తలనొప్పి వస్తోందంటే, ఆయన కొత్త సైలెన్సర్ వేయించారు. ఆ సాయంత్రమే ఆవిడని గుడికి తీసుకెళ్తూ ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాం. విసుగొచ్చి, పాత అలవాటు కొద్దీ, "మీ అమ్మ ఇంకెన్నాళ్ళుంటుందండీ?" అనేశాను.

కారు చప్పుడే లేదు. ఆ సంగతి నాకు గుర్తే లేదు.

వెనక నుంచి, "రేపే ఊరికి పోతాలేమ్మా" అని మెల్లగా వినిపించింది.

ఎంత బతిమాలినా ఆగలేదు. ఇప్పటికీ ఫోన్లో అన్నీ మాట్లాడతారు. "మళ్ళీ ఎప్పుడొస్తారత్తయ్యా?" అంటే మాత్రం, "సరిగా వినపడటంలేదమ్మా" అంటారు.