చీపురు పట్టి నేర్చుకున్న ఇంగ్లీష్

మా అప్పకు ఇంగ్లీష్ నేర్పింది భవానీపూర్‌లో ఉండే ఒక బ్యాంకు ఆఫీసరుగారి భార్య. ఆ బెంగాలీ ఊళ్లో మాలాగే తెలుగావిడ. "మన పిల్లలు బాగుపడాలి" అన్నది ఆవిడ నోట ఎప్పుడూ నలిగే మాట. మన పిల్లలంటే టికియాపారా రైల్వే క్వార్టర్ల నుంచి ఆదివారం పూట బస్సెక్కి వచ్చే మేమిద్దరు అక్కచెల్లెళ్లం. అప్పకు ఒకటే కోరిక. ఏదైనా స్కూల్లో ముందు గదిలో బల్ల వెనక కూర్చుని, వచ్చినవాళ్లతో ఇంగ్లీషులో మాట్లాడాలి. తెలిసిన స్కూల్లో ఆ కుర్చీ ఖాళీ అవుతోందని, భాష వస్తే తానే చెప్పి పెట్టిస్తానని మేడం మాటిచ్చారు.

మొదటి రోజే అప్పను నిలబెట్టి మీ నాన్న ఏం చేస్తారని అడిగారు.

"మై ఫాదర్ ఖలాసీ" అంది అప్ప.

మేడం నవ్వారు. సోఫాలో ఉన్న ఆవిడ పిల్లలూ నవ్వారు.

"మన భాషలో అలా సరిపోతుందమ్మా. ఇంగ్లీషులో క్రియ లేనిదే వాక్యం నిలబడదు. మీ నాన్న ఖలాసీ అయినా సరే, మధ్యలో 'ఈజ్' ఉండాల్సిందే" అన్నారు.

క్రియను బట్టీపట్టకూడదు, చేసి నేర్చుకోవాలి. అదీ ఆవిడ పద్ధతి. అప్ప చేతికి చీపురిచ్చి "ఐ స్వీప్ ద ఫ్లోర్" అనిపించారు. హాలంతా అయ్యేదాకా అదే వాక్యం. అయ్యాక "ఐ స్వెప్ట్" అనబోతే, మంచం కింద దుమ్ము చూపించి, అప్పుడే భూతకాలం కాలేదన్నారు. తర్వాతి వారం గిన్నెలు, ఆ పైన బట్టలు మడతపెట్టడం. నాకు ఉల్లిపాయలు తరగడం పడింది. సోఫాలో పిల్లలకు క్రియలన్నీ ముందే వచ్చట, వాళ్లు లేవక్కర్లేదు. ఆ ఇంటి పనిమనిషికి ఆదివారం సెలవు. స్వామికార్యం, స్వకార్యం రెండూ ఒక్క పూటలో తీరిపోయేవి.

నాకు ఒళ్లు మండేది. "ఇది సదువేటి అప్పా, సాకిరీ గాని" అన్నాను బస్సులో.

"నోర్ముయ్యే. మాటలొత్తన్నాయి గదా" అంది.

నిజమే, వచ్చేవి. తడుముకోకుండా వచ్చేవి.

మేడం అన్నమాట ప్రకారం అప్పను ఆ స్కూలుకు తీసుకెళ్లారు. నేనూ తోడు వెళ్లాను. హెడ్మిస్ట్రెస్ బెంగాలీ ఆవిడ, మంచిగానే మాట్లాడింది. నాన్న గురించి అడిగితే అప్ప 'ఈజ్' మరిచిపోలేదు. నీకు ఏమేం వచ్చు అని అడిగింది. అప్ప నిటారుగా కూర్చుని చెప్పింది. నేల ఊడుస్తాను. గిన్నెలు తోముతాను. బట్టలు మడతపెడతాను. వాక్యాలన్నీ సరైనవే. ఆమెకు వేరే క్రియలు ఎవరు నేర్పారు గనక?

హెడ్మిస్ట్రెస్ మా మేడం వైపు చూసి తల ఊపింది. చిన్న తరగతులకు ఆయా కావాలంది.

"చూశావా, ఇంగ్లీష్ ఊరికే పోలేదు" అన్నారు మేడం బయటికొచ్చాక, నిజంగానే సంతోషపడుతూ. "ఆదివారం మాత్రం మానకు. ఇంకా భవిష్యత్ కాలం చెప్పుకోవాలి." ఆ క్షణాన ఆవిడ జుట్టు పట్టుకోవాలనిపించింది. అప్ప చేతులు జోడించి థ్యాంక్యూ చెప్పింది.

ఇంటికొచ్చి స్కూల్లో పని దొరికిందని మాత్రమే చెప్పింది. అమ్మ ఆ కుర్చీ అనే అనుకుంది.

"అక్కడ ఏటి సేత్తావో ఇంగిలీసులో సెప్పవే, ఇంతాను" అంది అమ్మ.

అప్ప గోడవైపు తిరిగింది. "ఐ స్వీప్ ద ఫ్లోర్. ఐ వాష్ ద చిల్డ్రన్. ఐ క్లీన్ ద బాత్రూమ్" అంది.

అమ్మకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ముఖం వెలిగిపోయింది. పక్క క్వార్టరావిడను గుమ్మంలోంచి కేకేసి పిలిచింది.

"మళ్లీ సెప్పే, ఈవిడ కూడా ఇంటాది."

అప్ప నావైపు చూడకుండా మళ్లీ చెప్పింది. ఒక్క క్రియా తప్పలేదు.