ఎత్తిన చెయ్యి

మా ఆయన కుడి చెయ్యి బాగు చేసింది నేనే. గొప్పగా చెప్పుకోవాల్సిన ఆ సంగతిని ఇన్నేళ్లుగా తప్పు ఒప్పుకున్నట్టు చెప్తున్నాను.

లక్సెట్టిపేట దగ్గరి పల్లె నుంచి నేను బెల్లంపల్లికి కాపురానికి వచ్చేనాటికే ఆయన బొగ్గుబాయిలో ఫిల్లర్. నిటారుగా నిలబడే వీలు కూడా లేని చోట వంగి, చెమ్మస్‌తో బొగ్గును తట్టకెత్తి, ఆ తట్టను పట్టాల మీది టబ్బులో గుమ్మరించే పని. చెమ్మస్ అంటే పారే. కానీ పెరట్లో మట్టి తీసే పార అనుకునేరు, దాని వెడల్పు చూస్తేనే నా నడుము పట్టేసేది. ఏళ్ల తరబడి అలా ఎత్తీ ఎత్తీ ఆయన భుజం బిగుసుకుపోయింది. చెయ్యి ఛాతీ దాటి పైకి లేవదు. పక్కకు చూడమంటే మెడ తిరగక మనిషంతా తిరిగేవాడు. చొక్కా నేనే తొడిగేదాన్ని, తల నేనే దువ్వేదాన్ని. దవాఖానలో ఒక ఎర్రమందు సీసా ఇచ్చి, రెండు నెలలు సెలవు రాసి, అవి అయ్యాక వచ్చి చెయ్యి చూపించమన్నారు.

అన్‌ఫిట్ అని రాస్తే ఉద్యోగం ఊడినట్టేనని మా క్వార్టర్లలో అందరి నమ్మకం. ఉద్యోగం పోతే క్వార్టరు ఖాళీ చేసి పిల్లలతో రోడ్డున పడాలి. అది నిజమా అని ఎవరూ ఆఫీసుకు వెళ్లి అడిగిన పాపాన పోలేదు. అడిగితే వీడికేదో రోగముందని అనుమానపడతారని భయం. మేమూ అడగలేదు.

మా అత్త తనకు తెలిసిన వైద్యం మొదలుపెట్టింది. ఆముదం కాచి పోసి, తోలు ఊడేలా రుద్దేది. "గట్టిగ రుద్దితెనే నరం కదులుతది" అనేది. ఆయన పళ్లు బిగబట్టి పడుకునేవాడు. నేను పక్కన కూర్చుని ఆముదం గిన్నె అందించేదాన్ని. వారం తిరిగేసరికి భుజం ఇంకా బిగిసింది. నొప్పి పెట్టేకొద్దీ ఒళ్లు తనను కాపాడుకోవడానికి మరింత గట్టిపడుతుందన్న ఇంగితం మాలో ఒక్కరికీ లేకపోయింది.

మా వెనక లైనులో బాలింతలకు మాలిష్ చేసే ముసలమ్మ ఒకామె ఉండేది. పిన్నిని పిలిచినట్టు అందరం ఖాలా అనేవాళ్లం. నా చిన్నది పుట్టినప్పుడు నన్ను లేపి తిరగగలిగేలా చేసింది ఆమే. ఒక్కసారి వచ్చి ఆయన్ను చూడమని బతిమాలాను.

"మొగోళ్ల ఒంటి మీద నేను చెయ్యెయ్య బిడ్డా, మా రివాజు కాదు," అంది. "నువ్వు గిట్ల కూసో. నీ మీద చూపెడ్త. నువ్వు పొయ్యి ఆయనకు చెయ్యి."

అలా నా ఒళ్లే నాకు పలక అయింది. నూనె వద్దంది. నూనె రాస్తే చెయ్యి జారిపోతుంది, లోపలి పట్టు అందదు. నొప్పి భుజంలో అని చెప్పినా ఆమె భుజం జోలికి పోలేదు. చంక కింద, పక్కటెముకల మీద అరచేతి మొదలు ఆనించి, మెల్లగా బరువు పెట్టి, అక్కడే ఆగిపోయింది. రుద్దదు, కదలదు. నాకు విసుగొచ్చింది.

"ఏం జేస్తలేవు గద ఖాలా?"

"జర సబర్ చెయ్యి. నేను తోసుడు కాదు, అదే ఇడువాలె."

కాసేపటికి లోపల ఏదో సడలింది, నానిన పిండిలా మెత్తబడింది. తోలు కింద కండను చుట్టి ఒక పొర ఉంటుందని, అది ఒకచోట ముడుచుకుంటే ఇంకోచోట లాగుతుందని, తన కొంగు ఒక మూల ముడేసి, రెండో మూల ఎలా గుంజుకుపోతుందో చూపించింది. ఆమె చెయ్యి తీశాక నేను చేతులు పైకెత్తి చూసుకుని ఏడ్చేశాను. నేనూ అంత బిగుసుకుపోయి ఉన్నానని నాకే తెలియదు. ఇంట్లో ఎవరైనా అడిగితే కదా.

రోజూ పొద్దున వంట కాగానే ఆయన్ను కూర్చోబెట్టి అలాగే చేశాను. "గిట్ల చెయ్యి పెట్టి కూసుంటె పోతదా?" అని మొదట్లో నవ్వాడు. "పెండ్లాం చెయ్యి పెడితె మొగనికి హాయిగనే ఉంటది తియ్," అని అత్త దెప్పింది. పది రోజులకు ఆయన చెయ్యి చెవి దాకా వచ్చింది. నెలన్నరకు చొక్కా తానే తొడుక్కుని, దూలానికి కట్టిన ఉయ్యాల తాడు అందుకుని చూపించాడు. ఆ రోజు నా అంత మిడిసిపడ్డ మనిషి బెల్లంపల్లిలో ఉండదు.

పరీక్ష రోజు డాక్టరు కుడి చెయ్యి ఎత్తమంటే ఈయన రెండు చేతులూ ఎత్తి, అడగకపోయినా నెత్తి మీద చప్పట్లు కొట్టాడట. ఫిట్ అని రాశారు. మర్నాటి నుంచి మళ్లీ బాయిలోకే. ఆయన వెనక నిలబడ్డ పెద్దపల్లి మనిషి భుజం కూడా అచ్చం అలాగే బిగిసింది, దాన్ని బాగు చేసేవాళ్లు ఎవరూ లేకపోయారు. అతనికి కింది పనికి మాత్రమే అన్‌ఫిట్ అని రాసి, పైన ల్యాంపు రూములో దీపాలు తుడిచి అందించే పని ఇచ్చారు. అలాంటిది ఒకటి ఉందని మాకు ఆ రోజే తెలిసింది.

మూడు నెలల్లో ఆయన భుజం మళ్లీ బిగిసింది. నేను దగ్గరికి పోతే నా చెయ్యి తోసేశాడు.

"ముట్టకు. మంచిగైతె మళ్ల కిందికే తోలుతరు."

మళ్లీ పరీక్ష ఇంకో ఏడాదికి గానీ పెట్టరన్నారు. ఆ ఏడాదంతా ఎడమ చేత్తో, తోటివాళ్ల సాయంతో టబ్బులు నింపాడు. నొప్పికి గోడకు ఆనుకుని మూలిగేవాడు. ఎలా తగ్గించాలో తెలిసిన నేను ఎదురుగా కూర్చుని చూశాను. శానా రోజులు ఇడిస్తె గట్టివడి చెయ్యి ఇగ రాదని ఖాలా అంటే, అదే ఆయనకు చెప్పాను.

"రాకుంటె రాకపాయె. నేను పైకొస్త గద," అన్నాడు.

కంపెనీని తిట్టుకున్నాను, డాక్టరును తిట్టుకున్నాను. ఆయన మాట విని ఊరుకున్నందుకు నన్ను నేను తిట్టుకోవడం మాత్రం ఇప్పటికీ ఆగలేదు.

ఏడాది తర్వాత పరీక్షలో ఆయన చెయ్యి ఛాతీ దగ్గరే ఆగిపోయింది. ల్యాంపు రూముకు రాశారు. ఆ మధ్యాహ్నం నవ్వుకుంటూ ఇంటికొచ్చి, నా ముందు వీపు పెట్టి కూర్చున్నాడు.

"ఇగ చెయ్యి," అన్నాడు.

చంక కింద అరచెయ్యి ఆనించి, బరువు పెట్టి ఆగాను. పొయ్యి మీద అన్నం మాడు వాసన వచ్చేదాకా ఆగాను. నా చేతి కింద ఏదీ కదల్లేదు.

"ఇడుస్తున్నదా?" అని అడిగాడు.

"ఇడుస్తున్నది," అన్నాను.