దుబాయి నుంచి నాలుగు గంటలు

ఫోన్ మధ్యాహ్నం వచ్చింది. దుబాయిలో మా అన్నతో ఒకే గదిలో ఉండే మనిషి.

"అన్నకు జర తబియత్ బాగలేదు. రేపు పొద్దున ఇమానం ఎక్కిస్తున్నం. పెద్ద బండి పట్టుకొని రాండ్రి."

"పెద్ద బండెందుకన్నా?" అని అడిగేలోపే పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

అప్పుడు నేను తొర్రూరులో బడిపంతులును. ఇల్లు నర్సింహులపేటలో. వదినకు అన్న వస్తున్నాడని చెప్పాను కాని, పెద్ద బండి మాట దాచాను.

"ఎంత దూరముంటది? ఇమానంల ఎంతసేపు?" అంది.

బడి అట్లాసు మీద స్కేలు పెట్టి కొలిచాను. రెండున్నర వేల కిలోమీటర్లు. "నాలుగు గంటలు గూడ పట్టదు వదినా."

"గంతేనా? మరి మూడేండ్ల సంది ఎందుకు రాలే?"

అట్లాసు మూసి, బండి మాట్లాడటానికి బయటకు నడిచాను.

తెలంగాణ కోసం బందులు నడుస్తున్న రోజులవి. మాట్లాడిన వ్యానులో పొద్దున్నే బయలుదేరాను. జనగామలో దుకాణాలన్నీ మూసి ఉన్నాయి, బస్టాండులో ఒక్క బస్సు లేదు. వెనక్కి తిరిగి చూస్తే వ్యానులో సీట్లు లేవు. డ్రైవరును అడిగాను.

"ఎయిర్‌పోర్టుకు పెద్ద బండంటే తీసేసిన సార్. ఇంతకుముందు రెండుసార్లు గిట్లనే తెచ్చిన."

ఏం తెచ్చావని అడగలేదు.

ఎయిర్‌పోర్టులో విమానం దిగిందని బోర్డు మీద పడింది. పెట్టెలు తోసుకుంటూ అందరూ వచ్చేశారు, కావలించుకున్నారు, వెళ్లిపోయారు. శవాలు కూడా వచ్చే సామాన్ల గేటు వైపు పొమ్మని ఎవరైనా చెబుతారేమోనని భయపడుతూ నిలబడ్డాను. చిట్టచివర ఒక చక్రాల కుర్చీ వచ్చింది. అందులోని మనిషి ముఖం ఉబ్బిపోయి ఉంది. పాదాలు పట్టక చెప్పులు ఒళ్లో పెట్టుకున్నాడు. గుర్తుపట్టడానికి కొంత సమయం పట్టింది.

"బతికే ఉన్న తమ్మీ," అన్నాడు నన్ను చూసి.

వ్యానులో చాప మీద పడుకోబెట్టాను. అన్న ఊపిరి నిండా మూత్రం వాసన.

"పక్క సీటాయన ముక్కుకు దస్తీ కట్టుకున్నడు. దిగేదాంక ఇప్పలే," అన్నాడు.

ఇంటికి కాదు, నేరుగా వరంగల్ దవాఖానకే పోనిమ్మన్నాను. జనగామ దాటి రఘునాథపల్లి చేరేసరికి రోడ్డుకు అడ్డంగా బండరాళ్లు. బందు చేస్తున్న జనం రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంట చేస్తున్నారు. ఒకాయన వెనక తలుపు తెరిచి, చాప మీది మనిషిని చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"శవమా?"

"ఇంక కాలేదే," అన్నాడు అన్న లోపలి నుంచి.

నలుగురు కలిసి రాళ్లు జరిపారు. ఈలోగా ఒక అవ్వ ఆకులో అన్నం తెచ్చి, "రెండు బుక్కలు తిను బిడ్డా," అని తన చేత్తో పెట్టింది. తిన్నాడు. ఊరు దాటకముందే కక్కేశాడు.

"దుబాయిలో రోజుకు ఎన్ని నీళ్లు తాగేవాడివి?" అని డాక్టరు అడిగారు.

"నీళ్లు కింద ఉంటయి సార్. మేం పైన స్లాబు మీద. దిగితే మేస్త్రీ తిడుతడు."

రెండు కిడ్నీలూ పోయాయన్నారు.

ఎనిమిది నెలలు బతికాడు. రక్తం శుభ్రం చేయించడానికి వదిన వారానికి రెండుసార్లు వరంగల్ తీసుకెళ్లేది. బందు వచ్చి ఒక వంతు తప్పితే, నీరు పట్టిన ఆయన కాలి మీద బొటనవేలితో నొక్కి, ఆ గుంట ఎంతసేపటికి పూడుతుందో చూస్తూ కూర్చునేది. ఒకరోజు పొద్దున, ఆమె తల దువ్వుతుండగానే పోయాడు.

తర్వాత వదిన భూపాలపల్లిలోని తల్లిగారింటికి వెళ్లి, అక్కడే ఒక దవాఖానలో ఆయాగా చేరింది. ఇప్పటికీ నేను ఫోన్ చేస్తే ముందు నా కాళ్ల సంగతే అడుగుతుంది.